జాముల లెక్క: పడమటి ప్రకాశముపై అయస్కాంతపరిశోధనము

మనదేశమున పెండ్లికి ముహూర్తము, ప్రయాణమునకు వారశూల, బావి త్రవ్వుటకు మంచి గడియ చూచుట పరిపాటి. వానియందు సారమెంత యను చర్చ యిచట మాకు అక్కఱలేదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములపై భూమి అయస్కాంతబలమును కొలుచుచు ఎగురు విమానమునకును ఒక ముహూర్తము గలదు. అది తప్పినచో కొలత చెడును, పటము చెడును, ఆ పటమును నమ్మి వేసిన బోరుబావి వ్యర్థమగును. అయితే ఈ ముహూర్తమునకు ఎవరి జాతకముతోను పనిలేదు. కొలిచి చూచిన వారికెల్ల అది ఒకేరీతిని కనబడును. దీనిని మనుష్యులు ఎట్లు కనుగొనిరో, మన సీమకు దానితో నేమి పనియో ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

ముందు సీమను గూర్చి కొంత చెప్పవలయును. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. పడమట నల్లమల, తూర్పున వెలికొండ, నడుమ గుండ్లకమ్మ. ఆ యేటిని కొండల నడుమ కట్టివేసి విజయనగరపుకాలమున నిర్మించిన కంభము చెఱువు తప్ప చెప్పుకోదగిన నీటివసతి పూర్వము లేదు. వానలు చాలక పైరు లెండుట, బావులనీటిలో ఫ్లోరైడు చేరి జనుల పండ్లను ఎముకలను పాడుచేయుట ఇచటి పాతకష్టములు. నేల మాత్రము రాతిసంపద గలది. ఒకకాలమున బడిపిల్లల చేతిలోని పలక మార్కాపురపు పలకయే. 1872లో భూగర్భశాఖవారి గ్రంథమాల యెనిమిదవ సంపుటమున విలియం కింగు కడప, కర్నూలు శిలలను వర్ణించుచు ఈ పలకరాళ్లకు కంభము పేరే పెట్టెను. కడప బేసిన్ అను ప్రాచీనశిలాద్రోణిలో నేటికిని అదియే వ్యవహారము.

ఈ పలకరాయికి అయస్కాంతగుణము దాదాపు లేదనవచ్చును. కనుక అయస్కాంతమాపకమునకు అది గాజుపలక వంటిది. దాని క్రింద మిక్కిలి లోతున నున్న స్ఫటికశిలలు, వానిని చీల్చుకొని వచ్చిన నల్లరాతి గోడలు, పగుళ్లు ఆ గాజులోనుండి మసకగా కనబడును. గిద్దలూరునకు నంద్యాలకు నడుమ నల్లమలలోని చెలిమ వద్ద లాంప్రొయిట్ అను శిల సన్నని గోడలుగా పైకి వచ్చియున్నది. దాని వయస్సు సుమారు 140 కోట్ల యేండ్లని నిర్ణయించిరి. లోకమున వజ్రములను పాతాళమునుండి మోసికొనివచ్చు శిలాజాతులలో అది యొకటి. ఇట్టివి మఱెన్ని మట్టిక్రింద దాగియున్నవో తెలిసికొనుటకు అడవిలో అడుగడుగు నడచుట కష్టము, విమానముపై నుండి కొలుచుట సులభము.

సులభమంటిమి గాని, చిక్కంతయు నిందే యున్నది. ఈ ప్రాంతమున భూమి అయస్కాంతబలము మొత్తము సుమారు 42,000 నానోటెస్లాలు. లోతుననున్న శిల తన జాడను పైకి పంపునప్పటికి అది కొన్నిచోట్ల నాలుగైదు నానోటెస్లాలకు క్షీణించియుండును, అనగా మొత్తములో పదివేలవ వంతు. అందునను మనము అయస్కాంతమధ్యరేఖకు చేరువవారము. ఆ రేఖ మనదేశపు దక్షిణపుకొన మీదుగా పోవుచున్నది. దానికి దగ్గఱగా నున్నచోట్ల భూమి అయస్కాంతరేఖలు దాదాపు నేలకు సమాంతరముగా ఉత్తరదిక్కునకు సాగును. కావున ఉత్తరదక్షిణములుగా పొడవుగా పఱచుకొన్న శిలలు మిక్కిలి మందమైన జాడనే చూపును. నల్లమలలోని మడతలు పెక్కు ఇంచుమించు ఆ దిక్కుననే సాగుచున్నవి. అనగా ఇచట నేల మెల్లగా గుసగుసలాడును. వినువాడు చుట్టునున్న రొదను బాగుగా ఎఱిగియుండవలయును.

ఆ రొద పైనుండి వచ్చును. లండనులో జార్జి గ్రాహము అను గడియారములవాడు 1722లో దిక్సూచిముల్లు ఒకే దినమున కొంచెము అటునిటు కదలుట కనుగొనెను. కదలిక కొన్నిదినముల యందు క్రమము గలది, కొన్నిదినముల యందు పిచ్చిపట్టినట్లుండును. 1741లో గ్రాహము లండనులోను, సెల్సియసు స్వీడనులోను ముల్లును గమనించుచుండగా రెండుచోట్లను ఒకేసారి అలజడి కనబడెను. ఇది యే యొక్క ఊరి వింతయు గాదని అప్పుడు తేలినది. క్రమమైన కదలికకు కారణము భూమికి చాల ఎత్తున గాలిలో ప్రవహించు విద్యుత్తు కావచ్చునని బాల్ఫోరు స్టీవార్టు 1882లో ఊహించెను. ఆ యూహ నిజమైనది. సూర్యరశ్మి సుమారు నూఱు కిలోమీటర్లకు పైనున్న పలుచని వాయువును విద్యుద్వాహకముగా మార్చును, ఆ వాయువు పోటుపాటులతో కదలును, కదలినపుడు విద్యుత్తు పుట్టును. అందుచేత ఉదయమున అయస్కాంతబలము పెరుగుట మొదలుపెట్టి, మధ్యాహ్నమునకు కొంచెము ముందుగా పతాకస్థాయి నంది, సాయంకాలమునకు దిగిపోవును. తెలుగుదేశమున ఈ పోటు కొన్ని పదుల నానోటెస్లాలు. అయస్కాంతమధ్యరేఖపై నున్న తిరువనంతపురమువైపు ఇది రెట్టింపగును. కారణము ఆ రేఖ వెంబడి ఆకాశమున ఒక ఇరుకైన విద్యుత్ప్రవాహ ముండుటయే. మార్కాపురము ఆ ప్రవాహమునకు ఉత్తరమున, దాని పట్టు దప్పినచోట నున్నది. ఇది మన యదృష్టము.

క్రమములేని కదలిక వేఱు. సూర్యునినుండి ఎగసిన ద్రవ్యము భూమిని తాకినపుడు, భూమి చుట్టు వేలకొలది కిలోమీటర్ల దూరమున ఒక విద్యుద్వలయము బలపడి, మనబోటి దేశములలో అయస్కాంతబలమును గంటలలో వందల నానోటెస్లాలు క్రుంగదీయును. దీనినే అయస్కాంతపు తుపాను అందురు. 1859 సెప్టెంబరు తుపానున బొంబాయి కొలాబా నక్షత్రశాలలోని కొలత సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయెను. ఆ రాత్రులయందు మేలుకొని అంకెలు వ్రాసికొన్న ఉద్యోగుల పుణ్యముననే ఆ తుపాను బలమును నేటి శాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారు.

కొలాబా కథ యింకొకటి చెప్పదగినది. అచట 1841 మొదలు అయస్కాంతపు కొలతలు జరుగుచుండెను. బొంబాయి ట్రాములకు విద్యుచ్ఛక్తి పెట్టుట నిశ్చయమైనపుడు, ఆ తీగలలోని ప్రవాహము కొలతలను పాడుచేయునని గ్రహించి, అప్పటి అధికారి నానాభాయి మూసు సముద్రము దాటి అలీబాగులో క్రొత్తశాల కట్టించెను. 1904 నుండి 1906 వఱకు రెండుచోట్లను జతగా కొలిచి, పాత అంకెలకు క్రొత్త అంకెలకు పొత్తు కుదిర్చిన పిమ్మటనే కొలాబాను మానిరి. ట్రాములు 1907లో విద్యుత్తుతో నడచినవి. రాబోవు పాడును ముందుగానెఱిగి ఏండ్ల శ్రమ పడినవారు మన ప్రభుత్వోద్యోగులలో ఎందఱున్నారో పాఠకులే యోచింతురుగాక.

దక్షిణమునను ఇట్టి ఓర్పు లేకపోలేదు. చెన్నపట్టణపు నక్షత్రశాల 1792 నాటిది. 1840ల దశకమున అందు అయస్కాంతపు కొలతలు గూడ జరిగినవి. ఆ శాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో ఒక చంచలనక్షత్రమును కనుగొనెను. ఆకాశమును చూచి సరిచేసిన దృగ్గణితపంచాంగమును ప్రకటించెను, 1874 నాటి శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో పుస్తకము వ్రాయించెను. కన్నులతో చూచినదానికి పూర్వగ్రంథములోని అంకె లోబడవలయునేగాని, అంకెకు చూపు లోబడరాదని ఆయన వాదము. ఆయనను ఇందు స్మరించుట అప్రస్తుతము గాదని మా తలంపు. తిరువనంతపురమున జాన్ అలన్ బ్రౌను 1852 మొదలు 1865 వఱకు అయస్కాంతమును గమనించి, అగస్త్యమలపై గూడ ఒక కొలతశాల నిలిపెను. తరువాత 1901 నుండి 1920 వఱకు సర్వే శాఖవారు దేశమంతట అయస్కాంతపు కొలతలు సాగించిరి. డేరాడూను, కొడైకెనాలు, బారక్‌పూరు, బర్మాలోని టౌంగూ ఆ పనికి ఆధారస్థానములు. కాలినడకను, బండ్లపైని పోయి కొలిచినవాడు ఒక్కొక్క కొలతయు ఏ గడియను తీసినదో వ్రాసికొనెను. ఆధారస్థానమున ఆ గడియకు బల మెంత యుండెనో చూచి తీసివేతలు జరిపిరి. నేటి విమానములు చేయునదియు ఇదియే, వేగమే వేఱు.

విమానమునకు అయస్కాంతమాపకమును కట్టి తొలుత ఎగిరినవాడు రష్యాలో లొగాచెవు, 1936లో. రెండవ మహాయుద్ధమున సముద్రముక్రింద దాగిన జలాంతర్గాములను పట్టుటకు అమెరికాలో విక్టరు వాకియే మొదలగువారు చురుకైన మాపకమును సిద్ధపఱచిరి. 1944లో అదే పరికరముతో అక్కడి భూగర్భశాఖవారు పెన్సిల్వేనియాలోని బోయర్‌టౌను వద్ద రాళ్లను వెదకిరి. చంపుటకు పుట్టిన సాధనము గనులు చూపుటకు మరలినది.

ఆ నడుమ 1939లో జర్మనీవాడైన యూలియసు బార్టెల్సు తోడివారితో కలిసి అయస్కాంతపు అలజడికి ఒక కొలబద్ద కల్పించెను. దినమును మూడేసి గంటలుగా ఎనిమిది భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు అలజడిని బట్టి సున్న మొదలు తొమ్మిది వఱకు అంకె నిచ్చుట దాని పద్ధతి. మూడు గంటలనగా మన జామే, దినమునకు ఎనిమిది జాములు! అంతియకాదు, ఈ లెక్క గ్రీనిచ్ అర్ధరాత్రితో మొదలగును గనుక మన గడియారమున ఉదయము 5 గంటల 30 నిమిషములకు తొలిజాము ప్రవేశించును, ఇంచుమించు మన సూర్యోదయజాముతోపాటు. ఇది కాకతాళీయమేగాని, మన పల్లెవారికి ఈ శాస్త్రమును చెప్పబూనువానికి మిక్కిలి అక్కఱకు వచ్చును.

అయితే ఒక హెచ్చరిక. ఈ జాముల యంకె క్రమములేని అలజడినే చెప్పును. ప్రతిదినము సూర్యునితో వచ్చు పోటును అది లెక్కింపదు. అంకె ఒకటియే యున్నను మధ్యాహ్నపు పోటు ఉండనే యుండును. మఱియు భూమండలమంతటికి కలిపి ప్రకటించు అంకె పదుమూడు శాలల కొలతలనుండి వచ్చినది. అందు మనదేశపు శాల యొక్కటియు లేదు. పరదేశపు పంచాంగముతో మన యూరి తిథి నిర్ణయించిన ట్లగును. ప్రయాణమునకు ముందు ఆ యంకెను చూడవచ్చును గాని, తీర్పు చెప్పవలసినది ఇచటి కొలతయే.

స్వాతంత్ర్యమునకు పిమ్మట ఇచటి కొలతకు వసతి కలిగెను. అంతర్జాతీయ భూభౌతికవర్షమైన 1957లో తిరువనంతపురమునను అణ్ణామలైనగరునను శాలలు వెలసినవి. హైదరాబాదున జాతీయ భూభౌతికపరిశోధనసంస్థ 1961లో ఎం. ఎస్. కృష్ణన్ నాయకత్వమున స్థాపితమై, 1964లో అయస్కాంతశాలను నెలకొల్పెను. తెలుగునేలకు సరిపడు నిత్యలిఖితము అప్పటినుండి గలదు. మూడేండ్లు గడవకమునుపే దానికి అవసరము వచ్చినది. 1967–68లో అమెరికా సహాయముతో మన భూగర్భశాఖవారు ఆపరేషన్ హార్డ్‌రాక్ అను పేర రాజస్థానము, బీహారు, ఆంధ్రప్రదేశములలో రాగి, సీసము, తుత్తునాగముల కొఱకు ఆకాశమునుండి వెదకిరి. ఆంధ్రమున వారు చూచినది కడప బేసినులోని భాగములను. ఆ కాలమును గమనింపుడు. 1967 మే 25, 26 తేదీలలో ఆ దశాబ్దపు మహాతుపానులలో నొకటి చెలరేగెను. సూర్యుని ఇరువదవ చక్రము 1968 నవంబరులో పరాకాష్ఠ నందెను. అంటే మనదేశమున ఇట్టి పెద్దప్రయత్నము సూర్యుడు ముమ్మరముగా నున్న యేండ్లలోనే జరిగినది. పనివారి కాలమును బడ్జెట్టు నిర్ణయించును, సూర్యుని కాలమును సూర్యుడే నిర్ణయించుకొనును. రెండును పొసగుట అరుదు.

ఇక మన సీమలో ఒక్క లెక్క వేసి చూతము. గిద్దలూరునుండి మార్కాపురమునకు పక్షిమార్గమున ఏబది కిలోమీటర్లకు కొంచె మెక్కువ. సెకనునకు 70 మీటర్ల వేగముతో పోవు విమానము కంభము మీదుగా ఆ దూరమును పదుమూడు నిమిషములలో దాటును. ప్రశాంతదినమున ఉదయము పది గంటలవేళ ఆ పదుమూడు నిమిషములలో సూర్యునిపోటు వలననే బలము రెండు నానోటెస్లాల మేర పెరుగవచ్చును. ఇది నెమ్మదియైన వాలు. దీనిని తీసివేయుట కష్టము గాదు. కష్టపెట్టునవి చిన్న అలలు. ఒక్కొక్కప్పుడు అయస్కాంతబలము నిమిషమున కొకసారి లేచి పడుచుండును. ఆ నిమిషములో విమానము 4,200 మీటర్లు ముందుకు పోవును. కనుక కాలమున లేచిన అల పటమున నాలుగు కిలోమీటర్ల వెడల్పుగల గుట్టగా కనబడును. అది అచ్చముగా లోతున దాగిన శిల జాడవలెనే యుండును. బేస్తవారిపేట చెంత ఆకాశమున పుట్టిన అలను, అక్కడి నేలలో పుట్టిన శిలను ఒక్క విమానపుకొలతతో వేఱుపఱచుట ఎట్టి మేధావికిని శక్యము గాదు.

అందులకే రెండు కట్టుబాట్లు ఏర్పడినవి. మొదటిది, విమానము తిరుగు ప్రాంతముననే నేలపై మఱియొక మాపకమును నిలిపి, కదలకుండ సెకను సెకనునకు వ్రాయించుట. హైదరాబాదు మార్కాపురమునకు రెండువందల కిలోమీటర్ల దూరమున నున్నది. తుపాను రాకపోకలను చెప్పుటకు అది చాలును గాని, నిమిషపు అలలను నమ్మి తీసివేయుటకు చాలదు. ఈ నేలమాపకము రైలుమార్గమునకు, రోడ్డునకు, కరెంటుతీగలకు, వ్యవసాయపు మోటార్లకు దూరముగా నుండవలయును. ట్రాములకు వెఱచి అలీబాగునకు పోయిన మూసుగారి తెలివియే యిచటను కావలయును. రెండవది, విమానము గీచిన వరుసగీతలకు అడ్డముగా, ఎడమెడముగా మఱికొన్ని గీతలను ఎగిరించుట. రెండు గీతలు కలియుచోట నేల ఒక్కటే, గడియ వేఱు. అంకెలు వేఱైనచో ఆ తేడా ప్రధానముగా కాలమువలన వచ్చినదని పట్టుబడును. మగ్గముమీది పడుగుపేకలవంటి ఉపాయమిది.

ఈ రెండును ఉన్నను చెడుదినమున ఎగురరాదు. నేలమాపకములోని గీత అయిదు నిమిషములలో అయిదు నానోటెస్లాలకు మించి వంకరపోయినచో ఆ గీతను మరల ఎగురవలయునను వంటి నియమములు ఒప్పందములలో వ్రాసికొందురు. అంకెలు పనిని బట్టి మాఱును. ఇచటనే శాస్త్రమునకు సొమ్మునకు తగవు వచ్చును. విమానము నేలపై నిలిచిన ప్రతిదినము ఖర్చే. పైలటునకు తెల్లవారుజాము ప్రియము, ఏలయన అప్పుడు నల్లమలపై గాలి నిలుకడగా నుండును. ఎండ ముదిరినకొలది కొండల దాపున గాలి కుదుపులు హెచ్చును. అయస్కాంతమునకు మాత్రము సాయంకాలము ప్రియము, అప్పటికి పోటు తగ్గియుండును. రాత్రి అన్నిటికంటె మేలే గాని, కొండలపై నేల కంటుకొన్నట్లు చీకటిలో ఎగురుడని ఎవరును చెప్పజాలరు. మాసముల సంగతియు ఇట్లే. వానకాలము పనికిరాదు. విషువములకు చేరువయైన మార్చి, ఏప్రిలు, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో తుపానులు హెచ్చని నూఱేండ్లకు పైబడిన లిఖితములు చెప్పుచున్నవి. సూర్యుడు తనచుట్టు తాను తిరుగుటచే ఒక తుపాను ఇరువదియేడు దినములకు మరల తలచూపవచ్చునని మాండరు 1904లో గుర్తించెను. అంటే ఒకసారి చెడిన పక్షము వచ్చుమాసమునను అనుమానింపదగినదే. ఇన్నిటికి నడుమ మిగులునవి శీతకాలపు దినములు.

2017లో భూగర్భశాఖవారు జాతీయవిమానభూభౌతికపటముల కార్యక్రమమును ఆరంభించిరి. గీతల నడుమ 300 మీటర్లు, నేలనుండి ఎత్తు 80 మీటర్లు అనునవి దాని ప్రమాణములు. మాపకములు నేడు నానోటెస్లాలో వేయవవంతును చూడగలవు. ఇంత చురుకైన పరికరమునకు కాలజ్ఞానము మఱింత అవసరమేగాని తక్కువ గాదు. చెవి చురుకైనకొలది రొదయు స్పష్టముగా వినబడును. 2024 మే 10, 11 తేదీల తుపానున బలము నాలుగువందల నానోటెస్లాల మేర క్రుంగెను, లడాఖులోని హాన్లే వద్ద ఆకాశము ఎఱ్ఱబాఱెను. అట్టి దినమును ఎవరైనను గుర్తింతురు. భయము పెద్దతుపానులతో గాదు, అంకె మూడో నాలుగో చూపి పోవు సామాన్యపు అలజడితో. పని తొందరలో నున్నవాడు దానిని చూచియు చూడనట్లుండుట సులభము.

దీనివలన నష్టపోవువారెవరు? పటములో లేనిగుట్ట కనబడినచో ప్రజాధనముతో అచట బోరు వేయుదురు, ఏమియు దొరకదు, ఈ సీమలో ఏమియు లేదని వ్రాసి కట్టగట్టుదురు. ఉన్నగుట్ట అలలో మునిగిపోయినచో ఎవరును వెదకనేరాదు. ఇది గనుల మాట మాత్రమే గాదు. గట్టిరాతి ప్రదేశములలో నేలలోని నల్లరాతి గోడ భూగర్భజలమును అడ్డగించి ఒకవైపున నిలుపవచ్చును. పగులు దానిని దూరముగా కొనిపోవచ్చును. ఈ గోడలను పగుళ్లను విమానపుపటము చూపగలదు. బావి వెంబడి బావి త్రవ్వించి అప్పులపాలైన పొదిలి, కనిగిరి రైతునకు ఆ గీత పటమున సరియైనచోట నున్నదో, ఒక మధ్యాహ్నపు తొందరచే ప్రక్కకు జరిగినదో అక్కఱలేని ప్రశ్న గాదు.

కావున మేము కోరునది రెండు మాటలలో చెప్పవచ్చును. 2023 డిసెంబరులో భూవిజ్ఞానపు దత్తాంశముల జాతీయభాండాగారము ప్రారంభమై, పటములు ప్రజలకు అందుటకు దారి యేర్పడినది. సంతోషమే. అందు పెట్టు ప్రతి అయస్కాంతపటము వెంట ఏ గీతను ఏ దినమున ఏ గంటకు ఎగిరిరో, ఆ గడియకు నేలమాపకము చూపిన వంకర ఎట్టిదో ఆ లిఖితమునుగూడ ముట్టకుండ ఉంచవలయును. దిద్దిన పటము నొక్కదానినే ఇచ్చి దిద్దుబాటును దాచినచో రేపటివాడు దానిని పరీక్షింపజాలడు; కొలాబా యంకెలను కట్టగట్టి పాఱవైచియుండినచో 1859 సంగతి మన కేమి తెలిసియుండును? రెండవది, ఎగురవచ్చునో నిలుపవలయునో నిర్ణయించు అధికారము, దినమునకింత యని కూలి లెక్కించు గుత్తేదారుని చేతిలో నుండక, ఆ ఖర్చుతో సంబంధము లేని పరిశీలకుని చేతిలో నుండవలయును.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ఉన్నతపాఠశాలలలో ఒక్కొక్క సామాన్యపు అయస్కాంతమాపకమును నిలుపుట నేటి ధరలలో అసాధ్యము గాదు. గోడకు దూరముగా, ఇనుము లేని చిన్నపాకలో దానిని పెట్టి, దినము దినము గీత గీయించినచో, స్థానికకాలమున మధ్యాహ్నము మన గడియారమున సుమారు 12 గంటల 13 నిమిషములకు వచ్చునను సంగతియు, అంతకు కొంచెము ముందే గీత శిఖరమునకు చేరుట యను సంగతియు పిల్లలే కనుగొందురు. పలకపై వారు వ్రాసిన అంకెలను హైదరాబాదు శాలవారి గీతతో పోల్చుకొనవచ్చును.